79 దగ్గర నిలబడ్డది

నాకు కెమ్ థర్మోలో బ్యాక్‌లాగ్ ఉంది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కింద రాసింది చదివి ఎవరో టాపర్ రాసిందనుకుంటారు. మా బ్రాంచ్ వాళ్ళకి ఆ సబ్జెక్ట్ గురించి చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచ్‌ల వాళ్ళకి ఎట్లా చెప్పాలంటే, మొదటి యూనిట్ ఇంటర్‌లో చదివిందే కదా అనిపిస్తుంది, రెండో యూనిట్‌లో పార్షియల్ డెరివేటివ్‌లు మొదలవుతాయి, మూడో యూనిట్‌లో ఫ్యుగాసిటీ అనే మాట వస్తుంది. నేను ఆ స్టాప్‌లో దిగిపోయాను. బస్సు వెళ్ళిపోయింది.

మా ఇల్లు మౌలాలిలో. డాబా మీద నిలబడితే గుట్ట కనిపిస్తుంది, గుట్ట మీద దర్గా కనిపిస్తుంది, రాత్రి పూట రైళ్ళ చప్పుడు వినిపిస్తుంది. మౌలాలి అంటే చాలామందికి ఈ గుట్ట, రైల్వే లోకో షెడ్డు, హౌసింగ్ బోర్డు కాలనీ, అంతే. కానీ ఇక్కడి నుంచి మల్లాపూర్, నాచారం, చర్లపల్లి దాకా ఫ్యాక్టరీలే ఫ్యాక్టరీలు. మా బాపు వాటిలో ఒకదానిలో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఏదన్నది రాయను. జనగామ వైపు నుంచి వచ్చిన కొత్తలో డ్రమ్ములు దొర్లించే పనికి చేరి, ఇప్పుడు సాల్వెంట్ రికవరీలో ఆపరేటర్. ఇప్పటికీ కాంట్రాక్ట్ కిందనే.

హైదరాబాద్ మందుల పరిశ్రమ అనగానే మనకు ట్యాబ్లెట్లు, తెల్లకోట్లు గుర్తొస్తాయి. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్ళో ఎక్కువగా తయారయ్యేది ట్యాబ్లెట్ కాదు, ట్యాబ్లెట్‌లో వేసే అసలు మందు పొడి, బల్క్ డ్రగ్. ఆ పొడి రియాక్టర్‌లో ఏదో ఒక సాల్వెంట్‌లో పుడుతుంది, దాంట్లోనే గడ్డకడుతుంది, సెంట్రిఫ్యూజ్‌లో వడకట్టి తీస్తారు. పొడి అటు పోతుంది. మిగిలిన ద్రవాన్ని ఎంఎల్ అంటారు, మదర్ లిక్కర్. తయారైన పొడి కన్నా ఈ ద్రవమే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. దాన్ని పారబోయలేరు, పారబోయకూడదు కూడా. అది బాపు దగ్గరికి వస్తుంది. కింద ఆవిరి జాకెట్ ఉన్న పెద్ద స్టిల్, దాని మీద ప్యాకింగ్ నింపిన కాలమ్, పైన కండెన్సర్, పక్కన రిసీవర్. మరిగించి, పైకి వచ్చిన ఆవిరిని చల్లార్చి, కొంత మళ్ళీ కాలమ్‌లోకి వదిలి, మిగతాది పట్టుకోవడం. ఆ వెనక్కి వదిలేదే రిఫ్లక్స్. మన యూనిట్ ఆపరేషన్స్ ల్యాబ్‌లో అద్దాల కాలమ్ ఉంది కదా, అదే, కాకపోతే మూడంతస్తుల ఎత్తు, అద్దం లేదు.

బాపు చొక్కా ఎప్పుడూ ఒక వాసన వేసేది. చిన్నప్పుడు నాకది స్పిరిట్ వాసన, ఇంజెక్షన్ వాసన. తొమ్మిదో తరగతిలో ఒక ఫ్రెండ్ ఇంటికొచ్చి “మీ ఇంట్లో ఎవరికైనా బాలేదా?” అని అడిగింది. అప్పటి నుంచి ఎవరినీ ఇంటికి పిలవడం మానేశాను. తర్వాత 2020 వచ్చింది. ప్రపంచమంతా అదే వాసన చేతులకి పూసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన రెండు శానిటైజర్ ఫార్ములాల్లో ఒకటి ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 75 శాతం. బాపు చొక్కా వాసన అదే. నేను సిగ్గుపడ్డది ఐపీఏకి అన్నమాట.

అసలు సంగతి కూడా ఆ ఐపీఏ దగ్గరే మొదలైంది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో నేను సప్లీకి చదువుతున్నాను. అంటే పుస్తకం ముందర పెట్టుకుని కూలర్ కింద కూర్చున్నాను. ఒక రోజు బాపు నైట్ షిఫ్ట్ నుంచి పొద్దున వచ్చి టిఫిన్ తినకుండా పడుకున్నాడు. అమ్మ అడిగితే “ఏం లేదు” అన్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు అమ్మే నాతో చెప్పింది, మెమో ఇచ్చారట. పనిలో నిర్లక్ష్యం అని రాశారట. కాంట్రాక్ట్ మనిషికి రెండు మెమోలు పడితే మూడోది పడదు, ఎందుకంటే అప్పటికి మనిషి ఉండడు.

ప్రొడక్షన్‌లోకి కొత్తగా ఒక సార్ వచ్చాడు. ఖర్చు తగ్గించాలని పైనుంచి ఒత్తిడి. ఒక మందు తయారీలో ఆఖరి స్టెప్‌కి పొడి ఐపీఏ కావాలి, నీళ్ళు అర శాతానికి మించకూడదు. ఇన్నాళ్ళూ దానికి కొత్త ఐపీఏ కొంటున్నారు. ఎందుకు కొనాలి, రికవరీ చేసిందే వాడదాం అన్నాడు. మంచి ఆలోచనే. కానీ బాపు పట్టిన ప్రతి బ్యాచ్‌లో నీళ్ళు 12 శాతం పైనే వస్తున్నాయి. రిఫ్లక్స్ పెంచమన్నాడు, పెంచారు. ఒక రాత్రంతా బొట్టు బయటికి తీయకుండా మొత్తం వెనక్కే తిప్పారు. పొద్దున శాంపిల్ తీస్తే మళ్ళీ 12. “మెథనాల్ ఇదే కాలమ్‌లో పొడిగా వస్తున్నప్పుడు ఐపీఏ ఎందుకు రాదు? రాత్రి పడుకుంటున్నావు” అన్నాడట. బాపుని అంత బాధపెట్టింది మెమో కాదనుకుంటా, ఆ ఆఖరి మాట. అవతలి పక్క కూడా చెప్పాలి. ఆ సార్ ప్రశ్న తప్పేమీ కాదు. మెథనాల్ వస్తే ఐపీఏ ఎందుకు రాదు అన్నది నిజంగా మంచి ప్రశ్న. నా సప్లీలో అదే అడిగి ఉంటే అప్పటికి నాకూ జవాబు రాదు.

ఆ సాయంత్రం బాపు చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో చూసుకుంటున్నాడు. కంపెనీ లాగ్‌బుక్ వేరే ఉంటుంది, ఇది ఆయన సొంతం. ఏ సాల్వెంట్, ఏ తారీకు, పైన టెంపరేచర్ ఎంత, కేఎఫ్ ఎంత. కేఎఫ్ అంటే కార్ల్ ఫిషర్ టెస్ట్, నీళ్ళ శాతం చెప్పేది. నేను పక్కన కూర్చుని చూశాను. ఐపీఏ పేజీల్లో వరసగా: టాప్ 78.5, కేఎఫ్ 12.4. టాప్ 79, కేఎఫ్ 12.2. టాప్ 78.5, కేఎఫ్ 12.6. రెండేళ్ళ కిందటి పేజీలోనూ అవే.

“అన్నీ ఒక్కతీరే ఉన్నయేంది బాపూ?”

“అదే కదమ్మా. ఐపీఏ 79 దగ్గర నిలబడతది. ఎంత ఆవిరి గుద్దినా కదలదు. నీళ్ళు 12 కాడ బండ తగులుతది. ఎప్పటి సంది అంతే. మస్తు సార్లు చెప్పిన. ఇనేటోడు ఎవడు?”

నేను లోపలికి వెళ్ళి స్మిత్, వాన్ నెస్ పుస్తకం తీశాను. ఆ తర్వాత వై.వి.సి. రావు గారి పుస్తకం తీశాను, యూనివర్సిటీస్ ప్రెస్ వాళ్ళు మన హైదరాబాద్ నుంచే వేసింది. నాలుగు నెలలుగా నా టేబుల్ మీద ఉన్నాయి రెండూ. అజియోట్రోప్ అనే మాట నేను పదిసార్లు చదివాను, నిర్వచనం నోటికి వచ్చు: ద్రవంలోనూ దాని మీది ఆవిరిలోనూ ఒకే నిష్పత్తి ఉండే మిశ్రమం. 1911లో వేడ్, మెరిమన్ అనే ఇద్దరు పెట్టిన పేరు, గ్రీకులో మరిగినా మారనిది అని అర్థం. రెండు మార్కుల ప్రశ్న. అది మా బాపు జేబులో ఉందని మాత్రం తట్టలేదు.

అజియోట్రోప్‌ల పట్టిక వెతికాను. ఐసోప్రొపనాల్, నీళ్ళు: మరిగే టెంపరేచర్ 80.3, ఐపీఏ బరువులో 87.7 శాతం. అంటే నీళ్ళు 12.3.

బాపు లెక్కలు 12.4, 12.2, 12.6.

ఇక్కడ ఎగిరి గంతేశానని రాస్తే బాగుంటుంది కానీ నిజం అది కాదు. నాకు మొదట కనిపించింది తప్పు. పట్టికలో 80.3 ఉంది, బాపు దగ్గర 78.5, 79. ఒకటిన్నర డిగ్రీ తేడా. గేజ్ పాడై ఉంటుంది అనుకున్నాను. అడిగితే బాపు కొంచెం కోపంగానే “నీళ్ళు పెట్టి చూస్త నేను ఏటేటా. గేజ్ మంచిగనే ఉన్నది” అన్నాడు. నీళ్ళు ఎంత దగ్గర మరుగుతాయి అంటే “98 చిల్లర” అన్నాడు.

వంద కాదు, 98. అప్పుడు తెలిసింది. పట్టికలోని అంకెలన్నీ సముద్ర మట్టం దగ్గర, 101.3 కిలోపాస్కల్ గాలి ఒత్తిడికి. మనం దక్కన్ పీఠభూమి మీద, 500 మీటర్ల ఎత్తు దాటి ఉన్నాం. ఇక్కడ గాలి ఒత్తిడి 95కి అటూ ఇటూ. మన దగ్గర ఏదైనా కొంచెం ముందే మరుగుతుంది. క్లాపేరాన్ సూత్రం పెట్టి 95 దగ్గర లెక్కేశాను. 78.7 వచ్చింది. సప్లీ కోసం ఎన్ని లెక్కలు చేశానో గుర్తులేదు కానీ, జవాబు పుస్తకం వెనక పేజీలో కాకుండా బాపు చేతిరాతలో దొరికిన లెక్క అదొక్కటే.

ఇక ఎందుకు నిలబడుతుంది అన్న ప్రశ్న ఉంది. ఇది నేను బాపుకి చెప్పినట్టే మీకూ చెప్తాను, ఎందుకంటే చెప్తున్నప్పుడే నాకు అర్థమైంది.

రౌల్ట్ సూత్రం ప్రకారం ఒక ద్రవం మిశ్రమంలో ఎంత భాగం ఉంటే, అంత భాగం బలంతోనే ఆవిరి అవ్వాలి. అందరూ మర్యాదగా ఉండే మిశ్రమాలకి అది నిజం. మెథనాల్, నీళ్ళు పూర్తిగా మర్యాదస్తులు కాకపోయినా మరిగే డిగ్రీల్లో చాలా దూరం ఉంది, 65, 100. కాబట్టి చివరిదాకా విడిపోతాయి. ఐపీఏ సంగతి వేరు. అది 82 దగ్గర మరుగుతుంది. దాని అణువులో మూడు కార్బన్ల వైపు నీళ్ళంటే పడదు. నీళ్ళు ఎక్కువున్నప్పుడు సర్దుకుంటుంది. ఐపీఏ ఎక్కువై నీళ్ళు కొంచెమే మిగిలినప్పుడు, ఆ కొంచెం నీళ్ళకి తమవాళ్ళు దొరకరు. చుట్టాలు లేని ఊళ్ళో ఉన్నట్టు బయటికి పోవాలని చూస్తాయి. ఈ పోవాలనే బలాన్ని కొలిచేదే యాక్టివిటీ కోఎఫిషియెంట్. నేను క్లాస్‌లో గామా అని రాసుకుని ఊరుకున్న గుర్తు.

దాన్ని బాపు అంకెలతోనే లెక్కేయొచ్చు. అజియోట్రోప్ దగ్గర ఆవిరిలో నిష్పత్తి, ద్రవంలో నిష్పత్తి ఒకటే కాబట్టి, గామా అంటే మొత్తం ఒత్తిడిని ఆ ద్రవం సొంత ఆవిరి ఒత్తిడితో భాగిస్తే వచ్చేది. 78.7 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీళ్ళ ఆవిరి ఒత్తిడి 45 కిలోపాస్కల్. బయట ఒత్తిడి 95. భాగిస్తే 2.1. ఐపీఏది అదే టెంపరేచర్‌లో 88. భాగిస్తే 1.08. అంటే ఐపీఏ దాదాపు తన మానాన తను ఉంది. నీళ్ళు మాత్రం ఉన్న దానికి రెట్టింపు ఉన్నట్టు ప్రవర్తిస్తున్నాయి. నిజానికి ఐపీఏ కన్నా బరువుగా మరిగే నీళ్ళు, ఈ రెట్టింపు బలంతో సరిగ్గా ఐపీఏతో సమానంగా పైకి లేస్తున్నాయి. ఇద్దరూ ఒకే వేగంతో మెట్లెక్కితే ఎవరు ముందు, ఎవరు వెనక? ఎన్ని మెట్లు కట్టినా తేడా రాదు.

మెట్లు అంటే నిజంగా మెట్లే. 1925లో మెకేబ్, థీల్ గీసిన పద్ధతి మనం గ్రాఫ్ షీట్ మీద గీస్తాం కదా, వంకర గీతకీ అడ్డగీతకీ మధ్య మెట్లు. ఐపీఏకి గీసి చూడండి. ఆ వంకర గీత 68 మోల్ శాతం దగ్గర అడ్డగీతని తాకుతుంది. మెట్లు చిన్నవై, చిన్నవై, చుక్కలై ఆగిపోతాయి. రిఫ్లక్స్ పెంచడమంటే మెట్టు ఎత్తు పెంచడం. పైకప్పు ఎత్తు పెరగదు. రాత్రంతా మొత్తం రిఫ్లక్స్‌లో పెట్టినప్పుడు ఆ కాలమ్ చేయగలిగిందంతా చేసింది. బాపు కూడా.

ఇదంతా విని బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అయితే నేను నిద్రపోలే” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అమ్మ మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

“మరి దాటేదెట్ల?” అని వెంటనే అడిగాడు. ఆ ప్రశ్న ఆ సార్ అడగలేదు. నేనూ అడగలేదు, నేను గోడ ఎక్కడుందో కనిపెట్టిన సంబరంలో ఉన్నాను.

దాటే దారులు పుస్తకంలో ఉన్నాయి. మొదటిది, మూడో ద్రవం కలపడం. 1902లో సిడ్నీ యంగ్ ఇథనాల్‌లో నీళ్ళు తీయడానికి బెంజీన్ వేసి చూపించాడు. ఐపీఏకి సైక్లోహెక్సేన్ వాడతారు. నీళ్ళని అది ఇంకా తక్కువ డిగ్రీల దగ్గర తనతో పైకి లాక్కెళ్తుంది, చల్లారాక పొరలుగా విడిపోతుంది. కానీ ఆ తర్వాత మీ ఐపీఏలో సైక్లోహెక్సేన్ ఎంత మిగిలిందన్నది ఇంకో తలనొప్పి, మందు తయారీలో మరీను. రెండోది, ఒత్తిడి మార్చడం. కొన్ని సాల్వెంట్లకి ఒత్తిడి మారితే అజియోట్రోప్ జరుగుతుంది, రెండు కాలమ్‌లు రెండు ఒత్తిళ్ళలో నడిపి దాటేస్తారు. టీహెచ్ఎఫ్ అట్లాంటిది. ఐపీఏ మొండిది, వాక్యూమ్ పెట్టినా 12కి అటూ ఇటూ తప్ప పెద్దగా జరగదు. మౌలాలిలో డిగ్రీలు మారినా శాతం మారకపోవడానికి కారణం కూడా అదే. మూడోది, సన్నటి రంధ్రాలున్న మాలిక్యులర్ సీవ్ గింజల్లోంచి పంపి నీళ్ళని పట్టేయడం. వాటిని మళ్ళీ వేడి చేసి ఆరబెట్టాలి. ఊరికే వచ్చేది ఏదీ లేదు.

ఆ ఊరికే రాకపోవడం గురించి కొంచెం చెప్పాలి. ఇది నాకు ఆ సబ్జెక్ట్‌లో అన్నిటికన్నా నచ్చిన సంగతి. ఒక మోల్ మిశ్రమం, రెండూ సగం సగం, మర్యాదస్తులే అనుకుందాం. గది టెంపరేచర్‌లో దాన్ని పూర్తిగా విడదీయడానికి ప్రకృతి అడిగే కనీస పని 1.7 కిలోజౌళ్ళు. చాలా తక్కువ. మనం డిస్టిలేషన్‌లో చేసేదేమిటి? ఒక మోల్ నీళ్ళని ఆవిరి చేయడానికే 40 కిలోజౌళ్ళు, ఐపీఏకీ దాదాపు అంతే. దాన్ని కండెన్సర్‌లో చల్లార్చి వేడంతా కూలింగ్ టవర్‌కి ఇచ్చేస్తాం, రిఫ్లక్స్ పేరుతో మళ్ళీ వెనక్కి వదిలి మళ్ళీ ఆవిరి చేస్తాం. పని, వేడి ఒకటి కావు, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదని మా సార్ కోప్పడతారు. అయినా ఆ తేడా చూస్తే కళ్ళు తిరుగుతాయి. 2016లో నేచర్ పత్రికలో షోల్, లైవ్‌లీ అని ఇద్దరు రాశారు, అమెరికా పరిశ్రమలు వాడే శక్తిలో దాదాపు సగం ఇట్లా కలిసినవాటిని విడదీయడానికే పోతోందని. మన దగ్గర విడదీయడం గిట్టుబాటు కాని సాల్వెంట్ చివరికి సిమెంట్ బట్టీలకి ఇంధనంగా పోతుంది. కలపడానికి ఒక వాల్వ్ తిప్పితే చాలు.

వేడి పెట్టకుండా విడదీసే పని మా ఇంటి పక్కనే పెద్ద ఎత్తున జరుగుతోంది. నేను రోజూ ఈసీఐఎల్ వైపు వెళ్ళేటప్పుడు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ గోడ పక్కనుంచే పోతాను. 1971 నుంచి ఉంది. మన దేశపు అణు రియాక్టర్లకి ఇంధనం కట్టలు అక్కడ తయారవుతాయి, యురేనియం గుళికలు పెట్టే గొట్టాలు కూడా. ఆ గొట్టాలు జిర్కోనియంతో చేస్తారు, ఎందుకంటే అది న్యూట్రాన్లని తినదు. సమస్య ఏమిటంటే, సముద్రపు ఇసుకలో దొరికే జిర్కోనియంలో ఎప్పుడూ రెండు శాతం దాకా హాఫ్నియం కలిసి ఉంటుంది. హాఫ్నియం న్యూట్రాన్లని జిర్కోనియం కన్నా దాదాపు 600 రెట్లు ఎక్కువ మింగుతుంది. రెండూ రసాయనికంగా కవల పిల్లలు. జిర్కోనియంని 1789లో కనిపెడితే, అందులో ఇంకొకటి దాగి ఉందని తెలియడానికి 1923 దాకా పట్టింది. 134 ఏళ్ళు కెమిస్టుల చేతుల్లోనే ఉండి దొరకలేదు.

అట్లాంటి వాటిని ఎట్లా విడదీస్తారు? నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, కిరోసిన్ లాంటి నూనెలో ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ కలిపి, రెండింటినీ బాగా గిలక్కొట్టి వదిలేస్తారు. జిర్కోనియం నూనెలోకి పోవడానికి కొంచెం ఎక్కువ ఇష్టపడుతుంది, హాఫ్నియం నీళ్ళలోనే ఎక్కువగా ఉండిపోతుంది. ఒక్కసారికి పూర్తిగా కాదు, వరసగా ఎన్నో దశల్లో, ఎదురెదురుగా నడిపిస్తూ. ఇక్కడా లెక్క అదే. 1870లలో గిబ్స్ చెప్పింది: ఒక పదార్థం రెండు చోట్ల ఉన్నప్పుడు, రెండు చోట్లా దాని కెమికల్ పొటెన్షియల్ సమానమయ్యే దాకా అటూ ఇటూ పోతుంది. ద్రవం, ఆవిరి అయినా సరే. నీళ్ళు, నూనె అయినా సరే. బాపు కాలమ్‌కీ ఆ గోడ వెనకాల పనికీ ఒకే సమీకరణం. ఇన్నేళ్ళూ ఆ గోడ పక్కన బస్సులో ఫోన్ చూసుకుంటూ పోయాను.

ఇది చెప్తుంటే బాపు మధ్యలో ఆపాడు. “నీళ్ళు, నూనె అంటే యాదికొచ్చింది” అని నోట్‌బుక్ వెనక్కి తిప్పాడు. నిరుడు ఒక బ్యాచ్‌లో పొటాషియం కార్బోనేట్ మిగిలిపోయిన ఎంఎల్ వచ్చిందట. డ్రమ్ములో పెట్టి ఉంచితే తెల్లారేసరికి రెండు పొరలు కట్టింది. కింద పొర ఉప్పు నీళ్ళు. పైది విడిగా తీసి కేఎఫ్ పెట్టిస్తే 12 కాదు, 5 చిల్లర వచ్చింది. “లెక్క తప్పిందేమో అనుకున్న. రాసిపెట్టిన” అన్నాడు. పేజీలో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ఉంది.

నేను ఆ పేజీని చాలాసేపు చూశాను. ఉప్పు నీళ్ళని పట్టుకుంటుంది. నీళ్ళ కెమికల్ పొటెన్షియల్ ఆ ఉప్పు దగ్గర పడిపోతుంది, ఐపీఏ ఒంటరిగా పైకి తేలుతుంది. దీన్ని సాల్టింగ్ అవుట్ అంటారు. ఒకసారి 12 దాటి ఇవతలికి వచ్చాక ఆట మారిపోతుంది. ఇప్పుడు మరిగిస్తే అజియోట్రోప్ పైకి పోతుంది, నీళ్ళని మోసుకుని. పొడి ఐపీఏ కింద స్టిల్‌లో మిగులుతుంది. బాపు 14 ఏళ్ళు పైన పట్టుకోవాలని చూసిన సరుకు కింద దొరుకుతుంది. దాటే దారి ఆయన నోట్‌బుక్‌లోనే ఏడాదిగా ప్రశ్న గుర్తుతో కూర్చుని ఉంది.

నేను ఒక ఏ4 కాగితం మీద అన్నీ తెలుగులో రాశాను. 78.7 లెక్క, గామాలు, గ్రాఫ్, ఉప్పు సంగతి. రేపు తీసుకెళ్ళి ఆ సార్‌కి ఇవ్వు అన్నాను. బాపు మడిచి జేబులో పెట్టుకుని “నా బిడ్డ సదివి చెప్పింది, నీకు తెల్వదు అని ఇచ్చేదా? సక్కగ ఉంటదా?” అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇప్పుడూ కొంచెం ఉంది. సైన్స్ ఎవరు చెప్తే ఏమిటి అనిపిస్తుంది మనకి, క్లాస్‌రూమ్‌లో కూర్చుని ఉన్నంతసేపూ.

చివరికి ఆయన దాన్ని సార్‌కి కాకుండా నైట్ షిఫ్ట్ కెమిస్ట్‌కి ఇచ్చాడు, మాకన్నా రెండు మూడేళ్ళు పెద్దబ్బాయి. ఆ అబ్బాయి దాన్ని తన మాటల్లో ఇంగ్లిష్‌లో మెయిల్ పెట్టాడు. నా పేరూ లేదు, బాపు పేరూ లేదు. మెమో వెనక్కి తీసుకోలేదు. రెండో మెమో మాత్రం రాలేదు. ఉప్పు పద్ధతి కూడా పెట్టలేదు. ఆ ఉప్పు నీళ్ళని మళ్ళీ ఇగరబెట్టాలంటే ఆవిరి ఖర్చు, పైగా సాల్వెంట్‌లో ఉప్పు జాడ ఉంటే క్వాలిటీ వాళ్ళు ఒప్పుకోరు. లెక్కేస్తే కొత్తది కొనడమే చవక అని తేలిందట. ఆ స్టెప్‌కి మళ్ళీ కొత్త ఐపీఏ కొంటున్నారు. బాపు పట్టే 88 శాతం సరుకు ఎప్పటిలాగే కడగడానికి, నీళ్ళున్నా ఫర్వాలేని స్టెప్‌లకి వాడుతున్నారు. ఒక విధంగా అదే సరైన డిజైన్. పొడి ఐపీఏ అవసరం లేని చోట పొడి చేయకపోవడం.

సప్లీ రాశాను. అజియోట్రోప్ మీద ప్రశ్న రాలేదు, గిబ్స్–డ్యూహెమ్ డెరివేషన్ వచ్చింది. ఇది రాస్తున్నప్పటికి రిజల్ట్ ఇంకా రాలేదు.

పోయిన ఆదివారం బాపు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మామూలుగా రాడు, చదువుకుంటున్నప్పుడు డిస్టర్బ్ చేయొద్దని ఆయనకో నియమం. చేతిలో నోట్‌బుక్, కొత్త పేజీ.

“సోమారం సంది టీహెచ్ఎఫ్ ఎక్కిస్తున్నరు. అదేడ నిలబడతదో ముందుగాల చూసి చెప్పు. నేను సార్‌కు ఎక్కియ్యకముందే చెప్త.”

పట్టిక తీశాను. టీహెచ్ఎఫ్, నీళ్ళు: 64 డిగ్రీలు, నీళ్ళు 5, 6 శాతం. 64 కొట్టేసి, మౌలాలికి రెండు తగ్గించి, 62 అని రాసిచ్చాను.